కంటి నుంచి తీసిన నమూనా, ఒంట్లో దాగిన జబ్బు: అమిలాయిడోసిస్‌ను పట్టుకునే పద్ధతి, అంచెలంచెలుగా

యాభై దాటిన మనిషికి చూపు మసకబారితే మన ఇళ్లలో ముందు వినిపించే మాట శుక్లం. తర్వాతి మాట షుగరు. చాలాసార్లు ఆ రెంటిలో ఒకటే నిజమవుతుంది కూడా. కానీ ఎప్పుడో ఒకసారి, శుక్లం లేని కంట్లో, షుగరు లేని మనిషిలో, కంటిగుడ్డును నింపి ఉండే జిగురు పదార్థం తెల్లగా, పీచుపీచుగా తేలి చూపును కప్పేస్తుంది. ఆ పీచును ఆపరేషన్ చేసి తీసి మైక్రోస్కోపు కింద పెడితే, జబ్బు కంటితో ఆగలేదని, నరాలను, గుండెను, పేగులను కూడా పట్టిందని, పైగా తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిందని తేలుతుంది. దాని పేరు ట్రాన్స్‌థైరెటిన్ అమిలాయిడోసిస్.

ఇది అరుదైన జబ్బు. అరుదైనది కాబట్టే అంత తొందరగా ఎవరి ఊహకూ రాదు. అరికాళ్ల మంటకు ఒక డాక్టరు, విరేచనాలకు ఇంకొకరు, ఆయాసానికి మరొకరు మందులు రాస్తుంటారు. ఎవరి దగ్గర ఉన్న ముక్క వారి దగ్గరే ఉండిపోతుంది. కంటి ఆపరేషన్‌లో మాత్రం జబ్బుకు కారణమైన పదార్థమే నేరుగా సర్జన్ చేతికి వస్తుంది. దాన్ని పారబోయకుండా సరిగ్గా పరీక్షకు పంపితే ఏళ్ల తరబడి తేలని సంగతి తేలిపోతుంది. ఆ పని ఏ వరుసలో జరుగుతుందో, ఏ అంచెలో జారిపోయే ప్రమాదం ఉందో చూద్దాం.

ముందుగా: జబ్బు గురించి నాలుగు మాటలు

ట్రాన్స్‌థైరెటిన్ మన రక్తంలో అందరికీ ఉండే ప్రొటీన్. ఎక్కువగా కాలేయంలో తయారవుతుంది. థైరాయిడ్ హార్మోన్‌ను, విటమిన్ ఎ ని ఒంట్లో ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేయడం దాని పని. ఒక్కోటి 127 అమైనో ఆమ్లాలున్న నాలుగు గొలుసులు కలిసి ఉంటేనే అది నిలకడగా ఉంటుంది. జన్యువులో కొన్నిచోట్ల ఒక్క అక్షరం మారినా ఆ నాలుగింటి కట్టు వదులవుతుంది. విడిపోయిన గొలుసులు మడత తప్పి, ఒకదానికొకటి అతుక్కుని, కరగని సన్నని పోగులుగా మారతాయి. ఈ పోగుల పేరే అమిలాయిడ్. అవి నరాల్లో పేరుకుంటే తిమ్మిర్లు, గుండె గోడలో పేరుకుంటే ఆయాసం, పేగుల నరాల్లో పేరుకుంటే మలబద్ధకం, విరేచనాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

పోర్చుగల్ ఉత్తర తీరంలోని పోవోవా ద వార్జిమ్ ప్రాంతంలో, జాలరి కుటుంబాల్లో పాదాల దగ్గర మొదలై పైకి పాకే ఈ జబ్బును పోర్టో నగరంలోని న్యూరాలజిస్టు కొరీనో ఆండ్రాడ్ 1952లో ప్రపంచానికి వివరించారు. ఆ తర్వాత జపాన్‌లోని అరావో, నగానో ప్రాంతాల్లో, స్వీడన్ ఉత్తర జిల్లాల్లో ఇలాంటి కుటుంబాలు బయటపడ్డాయి. ఇప్పటికి ఈ జన్యువులో వందకు పైగా మార్పులు తెలుసు. కొన్ని మార్పులు నరాలను ముందు పడతాయి, కొన్ని గుండెను. చైనా కుటుంబాల్లో కనిపించిన Gly83Arg అనే మార్పు లాంటి కొన్నింటిలో మొట్టమొదట దెబ్బ తగిలేది కంటికే.

కంటికే ఎందుకంటే, ట్రాన్స్‌థైరెటిన్ కాలేయంలోనే కాక మెదడులో ద్రవం ఊరే పొరలో, కంటిలో రెటీనా వెనకున్న రంగు పొరలో కూడా తయారవుతుంది. అంటే కన్ను తన అమిలాయిడ్‌ను తానే తయారుచేసుకుంటుంది.

మొదటి అంచె: కంటిని చూస్తూ కాళ్ల గురించి అడగడం

రోగి చెప్పేది సాధారణంగా ఇలా ఉంటుంది: కంటి ముందు దోమలు తిరుగుతున్నట్టుంది, తెర అడ్డం పడినట్టుంది, కన్ను ఎర్రబడలేదు, నొప్పి లేదు, నెలనెలా మసక పెరుగుతోంది. స్లిట్ ల్యాంప్ ముందు కూర్చోబెట్టి చూస్తే కంటి కటకం వెనక విట్రియస్ అనే జిగురు పదార్థంలో తెల్లని పోగులు గజిబిజిగా కనిపిస్తాయి. కటకం వెనక వైపుకు చిన్న తెల్ల చుక్కలు అతుక్కుని ఉండవచ్చు. పాప అంచు గుండ్రంగా కాక వంకీలు తిరిగి ఉండవచ్చు. కంటి ఒత్తిడి కూడా పెరిగి ఉండవచ్చు.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. దీన్ని కంటి లోపలి వాపు, అంటే యువియైటిస్ అనుకుని స్టెరాయిడ్ చుక్కలు, మాత్రలు ఇస్తారు. నెలలు గడిచినా తగ్గదు. మన దగ్గర క్షయ ఎక్కువ కాబట్టి ఒక్కోసారి దానికీ మందు మొదలుపెడతారు. పాత రక్తస్రావం అనుకునేవారూ ఉన్నారు. కంట్లో వచ్చే ఒక రకం క్యాన్సర్, లింఫోమా, కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది. కాబట్టి చూపుతో మాత్రమే తేల్చలేం. కానీ అనుమానం కలగడానికి మూడు నాలుగు ప్రశ్నలు చాలు.

"నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం ఎప్పుడైనా జరిగిందా అండీ?" "అరికాళ్లు మండుతాయా?" "రెండు చేతుల మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని ఆపరేషన్ ఏమైనా అయిందా?" "లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయా?" "తిండి మామూలుగానే తింటున్నా బరువు తగ్గుతున్నారా?" "మీ నాన్నగారికో అమ్మగారికో, పెదనాన్నలకో మేనత్తలకో ఇలా కాళ్లు పడిపోవడం, చూపు పోవడం, గుండె జబ్బుతో తొందరగా పోవడం జరిగిందా?"

కంటి డాక్టరు కాళ్ల గురించి ఎందుకడుగుతున్నారో రోగికి అర్థం కాదు. ఒక్క మాటలో కారణం చెప్పి అడిగితే, ఎవరికీ చెప్పని సంగతులు బయటికి వస్తాయి. కాళ్ల తిమ్మిరికి మన ఊళ్లలో షుగరో, కుష్టో కారణమని ముద్ర పడిపోతుంది. షుగరు పరీక్ష మామూలుగా ఉన్నా తిమ్మిరి పెరుగుతోందంటే ఇంకో కారణం వెతకాల్సిందే.

రెండో అంచె: ఆపరేషన్‌కు ముందే ల్యాబుతో మాట్లాడటం

విట్రియస్ అంతగా మసకబారినప్పుడు చూపు కోసమైనా దాన్ని తీయాల్సిందే. ఆ ఆపరేషన్ పేరు విట్రెక్టమీ. ఈ ఆపరేషన్ పుట్టుకలోనే అమిలాయిడోసిస్‌కు చోటుంది. విట్రియస్‌ను ముట్టుకుంటే కన్ను పోతుందని సర్జన్లు భయపడే రోజుల్లో, అమెరికాలోని మయామీలో డేవిడ్ కాస్నర్ అమిలాయిడ్ నిండిన కంటిని ముందు వైపు తెరిచి విట్రియస్‌ను తీశారు. ఆ అనుభవాన్ని 1968లో సహచరులతో కలిసి ప్రచురించారు. విట్రియస్ లేకుండా కన్ను బతుకుతుందని అలా రుజువైంది. అదే మయామీలో 1970లో రాబర్ట్ మాఖెమర్ కంటి పక్క నుంచి చిన్న రంధ్రం ద్వారా చేసే నేటి పద్ధతికి దారి వేశారు.

చూపు కోసం చేసే ఆపరేషనే పరీక్షకు నమూనా కూడా ఇస్తుంది. అందుకే ముందురోజే ల్యాబుకు ఫోన్ చేసి చెప్పాలి: రేపు ఎన్ని గంటలకు నమూనా వస్తుంది, ఏయే పరీక్షలు కావాలి, ఎవరు తీసుకుంటారు. సాయంత్రం ఆలస్యంగా తీసిన నమూనా రాత్రంతా బల్ల మీద ఉండిపోతే అందులోని కణాలు చెడిపోతాయి.

నమూనాతో వెళ్లే ఫారంలో "విట్రియస్, పరీక్ష నిమిత్తం" అని రాసి ఊరుకుంటే ల్యాబు వారు మామూలు రంగు వేసి, "క్యాన్సర్ కణాలు లేవు" అని నివేదిక ఇస్తారు. అందులో తప్పేమీ ఉండదు, కానీ జబ్బు దొరకదు. అదే ఫారంలో "రెండు కళ్లలో తెల్లని పోగులు, స్టెరాయిడ్‌కు తగ్గలేదు, పాదాల్లో తిమ్మిరి, తండ్రికి ఇలాగే ఉండేది, అమిలాయిడ్ కోసం కాంగో రెడ్ రంగు వేయగలరు" అని రెండు వరుసలు రాస్తే పాథాలజిస్టు ఏం వెతకాలో ముందే తెలుసుకుంటారు. ఈ మొత్తం ప్రక్రియలో ఖర్చు లేనిది, అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది ఈ రెండు వరుసలే.

మూడో అంచె: నమూనా తీయడం

కంటి పక్కన మత్తు సూది ఇస్తారు. నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల వెనక, తెల్లగుడ్డు మీద మూడు సన్నని రంధ్రాలు చేస్తారు. ఒకదానిలోంచి సెలైన్ లోపలికి వెళ్తుంది, రెండోదానిలోంచి దీపం, మూడోదానిలోంచి కటర్ అనే పనిముట్టు. కటర్ విట్రియస్‌ను సూక్ష్మంగా కోస్తూ పీల్చేస్తుంది. విట్రియస్ జిగురుగా, పోగుల అల్లికతో ఉంటుంది కాబట్టి కోయకుండా లాగితే రెటీనా కూడా దానితో పాటు చిరిగిపోతుంది.

మామూలుగా అయితే మూడు రంధ్రాలు కాగానే సెలైన్ వదిలి పని మొదలుపెడతారు. పరీక్ష కోసం చేసేటప్పుడు ఇక్కడ ఆగాలి. సెలైన్ గొట్టం బిగించి ఉంటుంది, కానీ తిప్పకూడదు. కటర్ నుంచి వచ్చే పీల్చే గొట్టానికి మూడు దారుల బిరడా పెట్టి, దానికి చిన్న సిరంజి తగిలిస్తారు. సర్జన్ కటర్‌ను విట్రియస్ నడిమధ్యన ఉంచి, కోత వేగం తగ్గించి పెడతారు. పక్కనున్న అసిస్టెంటు సిరంజి పిడిని నెమ్మదిగా, ఆగి ఆగి వెనక్కి లాగుతారు. చిక్కటి, కాస్త మబ్బు పట్టినట్టున్న పదార్థం గొట్టంలో నెమ్మదిగా కదులుతుంది.

ఇప్పుడు కన్ను మెత్తబడుతోంది. లోపలి నుంచి తీస్తున్నారు, బదులుగా ఏమీ వెళ్లడం లేదు. ఒత్తిడి మరీ పడిపోతే కంటి లోపలి రక్తనాళాల పొర విడిపోవచ్చు, రక్తం కారవచ్చు. అందుకే దూది పుల్లతో బయటి నుంచి తెల్లగుడ్డును కాస్త నొక్కి పట్టుకుంటారు. సిరంజిలో ఒక మిల్లీలీటరు, కుదిరితే కొంచెం ఎక్కువ చేరగానే సర్జన్ సెలైన్ తిప్పమంటారు. కన్ను మళ్లీ గట్టిపడుతుంది. అప్పుడే సిరంజి విప్పి, మూత బిగించి, పేరు రాసి పక్కన పెడతారు. పెద్దవారి కంట్లో విట్రియస్ మొత్తం నాలుగు మిల్లీలీటర్లే. అందులో నీళ్లు కలవకుండా చేతికొచ్చిన ఈ మిల్లీలీటరు విలువైనది.

తర్వాత మిగతా విట్రియస్‌ను సెలైన్ సాయంతో తీసేస్తారు. అమిలాయిడ్ కేసుల్లో ఇది తేలిక కాదు. పోగులు రెటీనాకు, దాని రక్తనాళాలకు గట్టిగా అంటుకుని ఉంటాయి. విడదీయబోతే రెటీనాకు చిల్లు పడవచ్చు. అనుభవమున్న సర్జన్ ఎక్కడ వదిలేయాలో తెలుసుకుని వదిలేస్తారు. ఈ దశలో తీసినదంతా యంత్రంలోని పెట్టెలో, అంటే క్యాసెట్‌లో, నీళ్లలో కలిసి చేరుతుంది. చాలాచోట్ల ఆపరేషన్ అయ్యాక ఆ క్యాసెట్‌ను పారేస్తారు. అమిలాయిడ్ కరగదు, అది ఆ నీళ్లలోనే ఉంటుంది. సిరంజిలో తక్కువ దొరికినా క్యాసెట్ నిండా ఉన్న ద్రవాన్ని వడకట్టి జబ్బును పట్టుకోవచ్చు. కాబట్టి క్యాసెట్ కూడా ల్యాబుకే వెళ్లాలి.

నాలుగో అంచె: పంచడం, చేరవేయడం

ఉన్న కొద్ది నమూనాకు అడిగేవారు చాలామంది. సూక్ష్మజీవుల విభాగానికి కల్చర్‌కు, పీసీఆర్‌కు కొంత కావాలి. క్యాన్సర్ కణాలు వెతకడానికి కొంత కావాలి. లింఫోమా కణాలు త్వరగా చచ్చిపోతాయి, అందుకే అవి అనుమానంలో ఉంటే సిరంజి వెంటనే, ఐస్ ప్యాకుల మధ్య, గడ్డకట్టకుండా ల్యాబుకు చేరాలి. ఆపరేషన్‌కు ముందు స్టెరాయిడ్లు వాడుతుంటే ఆ కణాలు కరిగిపోయి పరీక్ష తప్పుదారి పట్టే ప్రమాదముంది, ఆ సంగతి కూడా ఫారంలో ఉండాలి.

కల్చర్‌కు వెళ్లే భాగంలో ఫార్మలిన్ పడకూడదు, పడితే సూక్ష్మజీవులు పెరగవు. అమిలాయిడ్ వెతికే భాగానికి మాత్రం ఫార్మలిన్ అడ్డు కాదు. కాబట్టి నీళ్లు కలవని నమూనాను కణాలకు, సూక్ష్మజీవులకు పంచి, మిగిలినదాన్ని క్యాసెట్ ద్రవంతో కలిపి అమిలాయిడ్ పరీక్షకు ఉంచడం మంచి పద్ధతి.

ఐదో అంచె: దిమ్మ కట్టి రంగు వేయడం

ల్యాబులో ద్రవాన్ని గొట్టాల్లో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. బరువైనదంతా అడుగున చేరుతుంది. పైనీరు వంపేసి, ఆ అడుగుముద్దను అగార్‌తో గట్టిపరచి, ఫార్మలిన్‌లో ఉంచి, నీటిని తొలగించి, కరిగించిన మైనంలో పోసి దిమ్మ కడతారు. దీన్ని సెల్ బ్లాక్ అంటారు. దిమ్మ వల్ల లాభమేమిటంటే, ఒకే నమూనా నుంచి ఎన్నో పలుచని ముక్కలు కోసి ఎన్నో రకాల పరీక్షలు చేయవచ్చు, ఏళ్ల తర్వాత కూడా తీసి చూడవచ్చు.

మామూలు హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగుల్లో అమిలాయిడ్ ఆకారం లేని లేత గులాబీ ముద్దగా కనిపిస్తుంది. కణాలు దాదాపు ఉండవు. తొందరలో ఉన్న కంటికి అది ప్రొటీన్ చెత్తలా అనిపించి దాటిపోతుంది. అందుకే కాంగో రెడ్ కావాలి.

కాంగో రెడ్‌ను 1883లో జర్మనీలో పాల్ బోటిగర్ బట్టల కోసం తయారుచేశారు. పటిక లాంటి కట్టుమందు లేకుండానే నూలుకు పట్టుకునే మొదటి రంగు అది. 1922లో హెర్మాన్ బెన్‌హోల్డ్ అది అమిలాయిడ్‌కు కూడా అంటుకుంటుందని గమనించారు. కొద్ది ఏళ్లకే, 1927లో, బెల్జియంలో దివ్రీ, ఫ్లోర్కిన్ ఆ రంగు వేసిన ముక్కను ధ్రువిత (పోలరైజ్డ్) కాంతిలో చూసి దాని అసలు గుర్తైన ఆకుపచ్చ మెరుపును కనుక్కున్నారు. వందేళ్లు కావస్తున్నా ఆ గుర్తే నేటికీ ప్రమాణం.

ఇక్కడ రెండు మెళకువలున్నాయి. మామూలు పరీక్షకు మూడు నాలుగు మైక్రాన్ల మందంలో కోస్తారు. కాంగో రెడ్‌కు ఎనిమిది నుంచి పది మైక్రాన్ల మందం కావాలి. పలుచని ముక్కలో కొద్దిపాటి అమిలాయిడ్ ఉంటే దాని మెరుపు కంటికి ఆనదు. రెండోది, అమిలాయిడ్ ఉందని ముందే తెలిసిన పాత స్లైడ్‌ను పక్కన పెట్టి రెండింటికీ ఒకేసారి రంగు వేయాలి. పాత స్లైడ్ మెరవకపోతే ఆ రోజు రంగే సరిగా లేదని అర్థం, అలాంటి రోజు "అమిలాయిడ్ లేదు" అన్న మాటకు విలువ లేదు.

రంగు వేశాక మామూలు కాంతిలో పోగులు ఇటుక ఎరుపులో కనిపిస్తాయి. ఇంతవరకు ఏదీ రుజువు కాలేదు, రంగు ఎక్కువసేపు ఉంచితే ఏదైనా ఎర్రబడుతుంది. పాథాలజిస్టు స్లైడ్ కింద ఒక ధ్రువక గాజు, పైన ఇంకొకటి పెట్టి, ఒకదాన్ని నెమ్మదిగా తిప్పుతారు. చుట్టూ చీకటి కమ్ముతుంది. విట్రియస్‌లో సహజంగా ఉండే కొల్లాజెన్ పోగులు తెల్లగా వెలుగుతాయి, కొత్తవారు దాన్ని చూసి తొందరపడతారు. ఇంకాస్త తిప్పితే ఇందాక ఎర్రగా ఉన్న చోటే, సరిగ్గా ఆ చోటే, పచ్చి యాపిల్ రంగు లేస్తుంది. తిప్పుతున్నకొద్దీ ఒక భాగంలో ఆకుపచ్చ తగ్గి పక్కభాగంలో వెలుగుతుంది. మామూలు కాంతిలో ఎరుపు, ధ్రువిత కాంతిలో ఆకుపచ్చ, రెండూ ఒకే చోట కనిపిస్తేనే అది అమిలాయిడ్. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అందుబాటులో ఉంటే సుమారు పది నానోమీటర్ల వెడల్పున్న, కొమ్మలు లేని పోగులు అందులో స్పష్టంగా కనిపిస్తాయి.

చెన్నై శంకర నేత్రాలయ వైద్యులు జ్యోతిర్మయ్ బిశ్వాస్, ఎస్.ఎస్. బద్రీనాథ్, అమెరికాలోని నర్సింగ్ రావుతో కలిసి 1992లోనే విట్రియస్ అమిలాయిడోసిస్‌ను మామూలు మైక్రోస్కోపుతోనూ, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతోనూ పరిశీలించి ప్రచురించారు. ఈ జబ్బు మన దేశానికి కొత్త కాదు.

ఆరో అంచె: ఏ ప్రొటీనో తేల్చడం

అమిలాయిడ్ అన్నది పోగుల ఆకారానికి పేరు. ముప్ఫైకి పైగా వేర్వేరు ప్రొటీన్లు ఆ ఆకారంలోకి మారగలవు. ఎముక మజ్జలోని కణాలు తయారుచేసే యాంటీబాడీ ముక్కల నుంచి వచ్చే ఏఎల్ అమిలాయిడోసిస్‌కు చికిత్స క్యాన్సర్ మందులు. ట్రాన్స్‌థైరెటిన్ రకానికి ఆ మందులు పనికిరావు, హాని మాత్రం చేస్తాయి. కాబట్టి "అమిలాయిడ్ ఉంది" అన్న నివేదిక సగం నివేదికే.

రకం తేల్చడానికి అదే దిమ్మ నుంచి కొత్త ముక్కలు కోసి, ఒక్కో ప్రొటీన్‌కు అంటుకునే యాంటీబాడీలతో పరీక్షిస్తారు. దీన్ని ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అంటారు. సందేహం మిగిలితే మాస్ స్పెక్ట్రోమెట్రీ. ఎర్రబడ్డ భాగాన్ని లేజర్‌తో కోసి తీసి, ఎంజైముతో చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క బరువును యంత్రంతో కొలిచి అది ఏ ప్రొటీనో గుర్తిస్తారు. చాలా కొద్ది పదార్థంతో ఖచ్చితమైన జవాబిచ్చే పద్ధతి ఇది. దీంతోపాటు రక్తంలో, మూత్రంలో అసహజమైన యాంటీబాడీ ముక్కలు లేవని కూడా నిర్ధారించుకుంటారు.

ఏడో అంచె: జన్యు పరీక్ష

వయసు మళ్లిన పురుషుల గుండెలో ఏ జన్యుమార్పూ లేకుండానే ట్రాన్స్‌థైరెటిన్ పేరుకోవచ్చు. విట్రియస్‌లో పేరుకుందంటే మాత్రం జన్యుమార్పు ఉందనే అనుకుని వెతకాలి. ఈ జన్యువు 18వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. చిన్నది, నాలుగే ఎక్సాన్లు. కాస్త రక్తం తీసి దాన్ని పూర్తిగా చదవడం నేటి ల్యాబులకు కష్టం కాదు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి అరుదైన వ్యాధులకు కేంద్ర ప్రభుత్వం గుర్తించిన ప్రత్యేక కేంద్రంగా పనిచేస్తున్నాయి. ఇలాంటి కుటుంబాలకు జన్యు సలహా దగ్గరలోనే దొరుకుతుంది.

ఒక అపోహ ఇక్కడే తొలగిపోవాలి. వంశపారంపర్య జబ్బు అనగానే మనవాళ్లు "మాది మేనరికం కాదుగా" అంటారు. దగ్గరి సంబంధాల వల్ల ఎక్కువయ్యే జబ్బుల్లో తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు చెడ్డ ప్రతులు రావాలి. దీనికి ఒక్కటి చాలు. తల్లిదండ్రుల్లో ఎవరికి ఉన్నా, ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా, ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం ఉంది. అయితే జన్యుమార్పు వచ్చినవారందరికీ జబ్బు రాదు. వచ్చినా ఒకే ఇంట్లో ఒకరికి ముప్ఫై ఏళ్లకు, ఇంకొకరికి అరవై ఏళ్లకు రావచ్చు.

ఎనిమిదో అంచె: ఒళ్లంతా వెతకడం

కంటి నివేదిక చేతికి రాగానే రోగిని న్యూరాలజిస్టు, కార్డియాలజిస్టు చూడాలి. నరాల పరీక్ష చేస్తారు. సన్నని నరాలే దెబ్బతిన్న తొలిదశలో ఆ పరీక్ష మామూలుగా వచ్చే వీలుంది కాబట్టి వేడి, చల్లదనం తెలుస్తున్నాయో లేదో విడిగా చూడాలి. పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్లీ చూస్తారు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే, ఒంటిని మనకు తెలియకుండా నడిపించే నరాలు దెబ్బతిన్నాయని అనుమానించాలి.

గుండెకు ఈసీజీ, ఎకో చేస్తారు. ఎకోలో గోడలు మందంగా కనిపించి, ఈసీజీలో గీతలు మాత్రం చిన్నవిగా ఉంటే ఆ పొంతన లేకపోవడమే ఆధారం. ఎముకల స్కానింగ్‌కు వాడే పైరోఫాస్ఫేట్ లాంటి పదార్థం ట్రాన్స్‌థైరెటిన్ పేరుకున్న గుండెలో నిలిచిపోతుంది కాబట్టి ఆ స్కాన్ కూడా తీస్తారు. మూత్రంలో ప్రొటీన్ చూస్తారు. ఇదంతా పూర్తయితే జబ్బు ఎంతవరకు పాకిందో తెలుస్తుంది.

తొమ్మిదో అంచె: చికిత్స, కంటి కాపలా

ఒకప్పుడు ఈ జబ్బుకు దారి కాలేయ మార్పిడి ఒక్కటే. 1990లో స్వీడన్‌లో మొదలైంది. కొత్త కాలేయంతో రక్తంలోని చెడు ప్రొటీన్ ఆగేది, కానీ కన్ను తనది తాను తయారుచేసుకుంటూనే ఉండేది. ఇప్పుడు మందులున్నాయి. టఫామిడిస్, అకోరమిడిస్ ఆ నాలుగు గొలుసుల కట్టును బిగించి ఉంచుతాయి. పటిసిరాన్, వుట్రిసిరాన్ కాలేయంలో ఆ ప్రొటీన్ తయారీనే తగ్గిస్తాయి. 2018లో అమెరికాలో అనుమతి పొందిన పటిసిరాన్, జన్యు సందేశాన్ని మధ్యలోనే నిలిపే కొత్త తరగతి మందుల్లో మొదటిది. ఇవి పేరుకున్న నష్టాన్ని పూర్తిగా తిరగరాయలేవు, జబ్బు నడకను ఆపడానికే ఎక్కువగా పనికొస్తాయి. తొందరగా పట్టుకోవాలని ఇంతగా చెప్పడం అందుకే. ధర చాలా ఎక్కువ. ప్రభుత్వాలు, బీమా సంస్థలు ముందుకు రాకపోతే మధ్యతరగతి ఇంటికి ఇవి అందవు, ఈ మాట గట్టిగా అడగాల్సిన సమయం వచ్చింది.

ప్రొటీన్ తయారీని తగ్గించే మందులు వాడేవారికి రక్తంలో విటమిన్ ఎ కూడా తగ్గుతుంది, దాన్ని మోసేది ఆ ప్రొటీనే కాబట్టి. డాక్టరు చెప్పిన మోతాదులో విటమిన్ తీసుకోవాలి, రేచీకటి లాంటిది కనిపిస్తే వెంటనే చెప్పాలి. ఆపరేషన్ తర్వాత చూపు బాగానే తిరిగి వస్తుంది. కానీ వదిలేసిన అంచుల్లో పోగులు మళ్లీ పెరగవచ్చు. కంటిలోని నీరు బయటికి పోయే జల్లెడలో అమిలాయిడ్ చేరి గ్లాకోమా కూడా రావచ్చు. జీవితాంతం కంటి ఒత్తిడి చూపించుకుంటూ ఉండాలి.

పదో అంచె: కుటుంబానికి చెప్పడం

నివేదిక ఒకరి పేరు మీద వస్తుంది, అందులోని సమాచారం మాత్రం అన్నదమ్ములది, అక్కచెల్లెళ్లది, పిల్లలది కూడా. ఎవరినీ బలవంతపెట్టకూడదు. జన్యు సలహాదారు దగ్గర కూర్చుని, పరీక్ష ఫలితం ఎలా వచ్చినా ఏం చేస్తామో ముందే మాట్లాడుకుని, ఇష్టపడిన పెద్దవారికి మాత్రమే పరీక్ష చేయాలి. పెద్దయ్యాక వచ్చే జబ్బు కాబట్టి చిన్నపిల్లలకు పరీక్ష అక్కర్లేదు. మార్పు ఉన్నట్టు తేలినవారు ఏడాదికోసారి నరాలు, గుండె, కన్ను చూపించుకుంటే తొలి గుర్తు కనిపించిన రోజే మందు మొదలుపెట్టవచ్చు. మన దగ్గర పెళ్లి సంబంధాలు చెడతాయని ఇలాంటి సంగతులు దాస్తారు. దాచడం వల్ల తర్వాతి తరం కూడా ఏళ్ల తరబడి కారణం తెలియకుండా తిరుగుతుంది.

చదువుతున్నవారికి ఒక మాట. మీ ఇంట్లో ఎవరికైనా నొప్పి, ఎరుపు లేకుండా రెండు కళ్లూ మసకబారి, షుగరు లేకుండానే కాళ్లు తిమ్మిరెక్కుతుంటే ఆ రెండు సంగతులనూ ఒకే డాక్టరుకు, ఒకే రోజు చెప్పండి. విట్రెక్టమీ చేస్తామంటే, "డాక్టరు గారూ, తీసినదాన్ని పరీక్షకు పంపుతారా?" అని అడగండి. నివేదికలు, స్లైడ్లు, దిమ్మ నంబరు జాగ్రత్త చేసుకోండి, పదేళ్ల తర్వాత మీ పిల్లల డాక్టరుకు అవే పనికొస్తాయి. కంటి సర్జన్లకు, ల్యాబు మిత్రులకు కూడా ఇదే విన్నపం: కారణం తెలియకుండా మసకబారిన కంటి నుంచి తీసిన ఏ విట్రియస్‌నూ పరీక్షించకుండా పారేయకండి.